వెదురు తుపాకిలో కవాటం ఎక్కడుంది?



కవాటం అంటే తలుపు. జీవశాస్త్రం పుస్తకంలో గుండె బొమ్మ పక్కన ఈ మాటను మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. గుండెలో రక్తం ఒకవైపే పోవాలి, వెనక్కి రాకూడదు, అందుకు కవాటాలు. దాన్నే సైకిలు షాపు వాళ్లు వాల్వు అంటారు. గాలితో గానీ నీళ్లతో గానీ పని చేసే ఏ యంత్రం చూసినా ఎక్కడో ఒకచోట ఒక తలుపు ఉంటుంది. అది ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత తెరుచుకోవాలి, ఎంత త్వరగా తెరుచుకోవాలి అనేదే అసలు సంగతి.

మొన్న స్టడీ అవర్లో నేను మన తొమ్మిదో తరగతి వాళ్లను ఒక ప్రశ్న అడిగాను. మనం ఆడే వెదురు తుపాకిలో కవాటం ఎక్కడుంది? అందరూ నవ్వారు. "అందులో ఏముంది, గొట్టం, కట్టె, కాయ, అంతే గదా" అన్నారు. ఒకడైతే "అదేమన్నా మోటారా, వాల్వు ఉండడానికి" అన్నాడు. ఉంది. చాలా మంచి కవాటం ఉంది. అది ఎక్కడుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇప్పుడు మన తుపాకులు పదకొండూ వార్డెన్ గారి బీరువాలో ఉన్నాయని అందరికీ తెలుసు. ఆ విషయం కూడా చివర్లో రాస్తాను. ముందు తుపాకి సంగతి.

సన్న వెదురులో ఒక కణుపుకీ ఇంకో కణుపుకీ మధ్య ముక్క కోస్తే రెండు వైపులా తెరిచిన గొట్టం వస్తుంది. లోపలి రంధ్రం పెన్సిలు మందం ఉంటే చాలు. దానిలో సరిగ్గా పట్టే కట్టె ఒకటి, వెనక పట్టుకోవడానికి పిడి. కట్టె గొట్టం కంటే ఒక కాయంత పొట్టిగా ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, దీంట్లోనే సగం తెలివి ఉంది. మొదటి కాయను వెనక నుంచి పెట్టి కట్టెతో ముందు చివరి దాకా తోస్తాం. కట్టె పొట్టిది గనుక కాయ బయట పడదు, మూతి దగ్గర బిరడాలాగా ఆగిపోతుంది. తర్వాత రెండో కాయ వెనక పెట్టి గట్టిగా తోస్తాం. రెండు కాయల మధ్య గాలి ఇరుక్కుంటుంది. దానికి పోవడానికి దారి లేదు. నలిగి నలిగి, ఇంక పట్టలేక ముందు కాయను ఠప్పుమని తన్నేస్తుంది. అప్పుడు రెండో కాయ వచ్చి మూతి దగ్గర నిలబడుతుంది. అంటే మొదటి దెబ్బకు పిస్టనుగా (మన పుస్తకంలో ముషలకం) ఉన్న కాయ రెండో దెబ్బకు గుండు అవుతుంది. కట్టె కాయంత పొడుగైతే ఇదేమీ జరగదు, రెండూ బయటికి పోతాయి. మా ఊరి తాతలకు ఈ లెక్క స్కేలు లేకుండానే తెలుసు.

ఇది మా ఊరి పిల్లల ఆట మాత్రమే అనుకోవద్దు. చింతూరు నుంచి శబరి వెంబడి కుంట, సుక్మా దాటి వెళ్తే బస్తరులో జగదల్పూర్ వస్తుంది. అక్కడ ఆషాఢంలో జగన్నాథుడి రథయాత్రను గోంచా పండుగ అంటారు. ఆ పండుగలో ఈ వెదురు తుపాకే దేవుడికి వందనం. దాని పేరు తుప్కీ. చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులు చేసి, రంగు కాగితాలు చుట్టి, తెచ్చి అమ్ముతారు. గుండు పేరు పెంగు, అంటే మాల్కంగిని తీగ పచ్చి కాయ. గుండ్రంగా, శనగగింజ కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. రథం లాగేటప్పుడు వీధంతా ఠపా ఠపా మోగుతుందని మా మేనమామ చెప్పాడు. ఆరు వందల ఏళ్ల నుంచీ ఉన్న ఆచారమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రాజుల ఊళ్లో ఫిరంగులు పేల్చి దేవుడికి వందనం చేస్తే, వీళ్లు గాలితో చేస్తున్నారు.

ఇక లెక్క. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన నియమం మన పుస్తకంలో ఉంది. ఉష్ణోగ్రత మారకపోతే గాలి ఘనపరిమాణం ఎన్ని వంతులు తగ్గితే పీడనం అన్ని రెట్లు పెరుగుతుంది. రెండు కాయల మధ్య మొదట 24 సెంటీమీటర్లు ఉందనుకోండి. తోసి 8 సెంటీమీటర్లు చేస్తే పీడనం 3 రెట్లు. బయట నుంచి ఒక వంతు వాతావరణ పీడనం ఎదురు నెడుతుంది గనుక మిగిలింది 2 వంతులు. గొట్టం రంధ్రం వ్యాసం 8 మిల్లీమీటర్లయితే వైశాల్యం సుమారు అర చదరపు సెంటీమీటరు. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల లెక్కన కాయ వెనక ఒక కిలో బరువు నెడుతున్నట్టు. కాయ బరువు చూస్తే గ్రాము కూడా ఉండదు. అంత చిన్నదాన్ని కిలో బరువు ఒక్కసారిగా నెడితే ఎలా పోతుందో ఊహించండి. (నిజానికి త్వరగా తోస్తే గాలి వేడెక్కి ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. సైకిలు పంపు అడుగు ముట్టుకుంటే వేడి తెలుస్తుంది గదా, అదే.)

ఇప్పుడు చూడండి. గాలి నలుగుతున్నంత సేపూ తలుపు మూసి ఉంచింది ఎవరు? ముందు కాయ. సరైన పీడనం రాగానే తెరుచుకున్నది ఎవరు? ముందు కాయే. ఎంత పీడనం దగ్గర తెరుచుకోవాలో తేల్చింది కాయకూ గొట్టానికీ మధ్య ఘర్షణ. కాయ వదులైతే తుస్సుమంటుంది, మూరెడు దూరం కూడా పోదు. మరీ బిగుతైతే మనమే తోయలేం. అందుకే చిన్నప్పటి నుంచి మనం కాయలు ఏరుకుంటూ ఒక్కొక్కటీ మూతికి పెట్టి చూస్తాం. అప్పుడు మనం చేస్తున్న పని కవాటాన్ని సరిచూడడమే. గుండూ అదే, తలుపూ అదే. ఇంతకంటే తక్కువ సామానుతో ఎవరు చేయగలరు?

ఇతర కవాటాలు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి, లేకపోతే ఇది గొప్పలు చెప్పుకున్నట్టు అవుతుంది.

సైకిలు ట్యూబులో ఉండే పాత రకం వాల్వు విప్పి చూడండి. ఇత్తడి పుల్ల, దాని పక్కన చిన్న రంధ్రం, ఆ రంధ్రం మీద సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. పంపు కొడితే గాలి రంధ్రంలోంచి వచ్చి రబ్బరును ఉబ్బించి లోపలికి జారుకుంటుంది. తిరిగి రావాలంటే లోపలి గాలే రబ్బరును రంధ్రం మీద అదిమిపెడుతుంది. దొంగే తనను తాను గదిలో పెట్టి గడియ వేసుకున్నట్టు. పంపు లోపల తోలు వాషరు కూడా ఇలాంటిదే. పైకి లాగితే అంచు ముడుచుకుని గాలిని పక్క నుంచి పోనిస్తుంది, కిందికి నొక్కితే విచ్చుకుని గోడను పట్టేస్తుంది. గుండె కవాటాలు కూడా ఈ జాతివే. వీటి పని లోపలికి రానివ్వడం, బయటికి పోనివ్వకపోవడం. గాలిని నింపడానికి ఇవి బంగారం లాంటివి. విసరడానికి మాత్రం పనికిరావు.

ఎందుకు పనికిరావు? ఒక గట్టి డబ్బాలో గాలి ఉంది, దానికి 30 సెంటీమీటర్ల గొట్టం ఉంది, మధ్యలో మన వంటగదిలో లాంటి కుళాయి ఉంది అనుకుందాం. గొట్టంలో వదులుగా ఒక కాయ. కాయ బయటికి వచ్చేసరికి సెకనుకు 30 మీటర్ల వేగం రావాలని మన కోరిక. మొదట సున్నా, చివర 30, సగటు 15 అని పెట్టుకుంటే ఆ గొట్టం దాటడానికి పట్టేది సెకనులో 50వ వంతు. కుళాయి తిప్పడానికి మన చేతికి ఎంత చురుకుగా తిప్పినా సెకనులో 5వ వంతు అయినా పడుతుంది. అంటే పది రెట్లు ఆలస్యం. కుళాయి సందు కొంచెం తెరుచుకోగానే వచ్చిన బలహీనమైన గాలికే కాయ కదిలి, పూర్తి గాలి వచ్చేలోపు ఈసురోమంటూ బయట పడిపోతుంది. వెనక నుంచి మిగతా గాలంతా ఖాళీ గొట్టంలో బుస్సుమని పోతుంది. పెళ్లి అయిపోయాక బాజాలు వచ్చినట్టు. ఎంత గాలి నింపావు అన్నది కాదు, తలుపు ఎంత త్వరగా, ఎంత వెడల్పుగా తెరుచుకుంది అన్నది ముఖ్యం.

అయితే పెద్ద తలుపు పెట్టి ఠక్కున లాగేద్దాం అంటారేమో. దాని కష్టం దానికుంది. 5 సెంటీమీటర్ల వ్యాసం గల తలుపు వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. లోపల చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటే తలుపు మీద నూరు కిలోల బరువు ఆనుకుని ఉంటుంది. మన స్టోరు గదిలోని 50 కిలోల బియ్యం బస్తాలు రెండు. ఆ తలుపును సెకనులో 50వ వంతులో ఎవడు లాగుతాడు?

ఇక్కడే ఇంజనీర్లు ఒక చక్కని ఉపాయం పట్టారు. తలుపును గాలి చేతనే తెరిపించడం. తలుపు ఒక పిస్టను. దాని ముందు వైపూ గాలి, వెనక వైపూ అదే పీడనంలో గాలి. వెనక గాలి ఆనే వైశాల్యం ఎక్కువ గనుక తలుపు మూసుకునే ఉంటుంది. వెనక ఉన్న గాలి కొంచెమే. దాన్ని ఒక చిన్న రంధ్రంలోంచి బయటికి వదిలేస్తే చాలు, ముందున్న గాలి పిస్టనును వెనక్కి విసిరికొడుతుంది, పెద్ద దారి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మన వేలు తెరిచింది చిన్న తలుపును, చిన్న తలుపు తెరిచింది పెద్ద తలుపును. ఇది చదివినప్పుడు నాకు చేపల మడుగు గుర్తొచ్చింది. గట్టును ఒక్కచోట వేలితో గీస్తే మిగతా గండి నీళ్లే కొట్టుకుంటాయి గదా.

ఇలాంటి గాలి వదిలే తెలివి మనకు దూరం కూడా కాదు. బస్సు ఆగి కదిలేటప్పుడు చక్రాల దగ్గర తుస్సుమని వినిపిస్తుంది, చిన్న పిల్లలు ఉలిక్కిపడతారు. బ్రేకు తొక్కితే గాలి వెళ్లి బ్రేకును నొక్కుతుంది. కాలు తీశాక ఆ గాలి డ్రైవరు కాలి దాకా తిరిగి పోయి అక్కడ బయట పడాలంటే ఆలస్యం, బ్రేకు పట్టుకునే ఉంటుంది. అందుకని చక్రాల దగ్గరే ఒక కవాటం పెడతారు. వెనక నుంచి పీడనం తగ్గగానే అది తెరుచుకుని గాలిని అక్కడికక్కడే వదిలేస్తుంది.

గాలి తుపాకులు నిజంగా సైన్యంలో కూడా పని చేశాయి. 1780 ప్రాంతంలో బార్తొలోమియో గిరార్దోని అనే ఆయన చేసిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. దాని మడమ భాగమే గాలి డబ్బా. నింపడానికి పంపు సుమారు 1500 సార్లు కొట్టాలి! (మన డ్రిల్లు మాష్టారి గుంజీలు నయం.) కానీ ఒకసారి నింపితే ఇరవైకి పైగా గుండ్లు వరసగా పేల్చవచ్చు. ఆ కాలంలో మందు తుపాకి ఒక్క గుండు పేల్చి మళ్లీ నింపుకోవాలి. దీని రహస్యం కూడా కవాటంలోనే ఉంది. సుత్తి లాంటిది వచ్చి కవాటం పుల్లను ఒక్క దెబ్బ కొడుతుంది. తలుపు రెప్పపాటు తెరుచుకుని, లోపలి గాలి పీడనానికే మళ్లీ మూసుకుంటుంది. ఒక గుక్క గాలి మాత్రం బయటికి పోతుంది, మిగతాది తర్వాతి గుండుకు. మన వెదురు తుపాకి గాలంతా ఒక్కసారే ఖర్చు పెడుతుంది, ఇది పొదుపు చేస్తుంది. దాని తోలు బిరడాలు ఎండిపోతే గాలి కారిపోయేది, తడిగా ఉంచుకోవాలి. ఇలాంటి తంటాల వల్ల సైన్యం కొన్నాళ్లకు దాన్ని పక్కన పెట్టింది. 1803 నుంచి 1806 వరకు అమెరికా ఖండం దాటి వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం దగ్గర కూడా ఒక గాలి తుపాకి ఉండేది. దారిలో అక్కడి ఆదివాసులకు దాన్ని పేల్చి చూపించేవారు. పొగ లేకుండా, మందు పోయకుండా పేలుతుంటే వాళ్లు ఆశ్చర్యపోయారని రాసుకున్నారు. మనవాళ్లెవరైనా అక్కడ ఉంటే జేబులోంచి పెంగు కాయ తీసి చూపించేవాళ్లు.

ఓడ మీద కూడా పెట్టారు. అమెరికా వాళ్ల వెసూవియస్ అనే ఓడకు 15 అంగుళాల గాలి ఫిరంగులు మూడు ఉండేవి. 1898లో క్యూబాలోని శాంటియాగో మీద వాటిని పేల్చారు. ఆ ఫిరంగులు కదలవు, గురి చూడాలంటే ఓడనే తిప్పాలి. దూరం మార్చాలంటే కవాటం నుంచి వదిలే గాలిని ఎక్కువ తక్కువ చేయాలి. అది యుద్ధం సంగతి, నాకు అంత ఇష్టం లేదు.

నాకు ఎక్కువ నచ్చింది విమానాల కథ. ఎగిరే విమానానికి పక్షి తగిలితే అద్దం పగలవచ్చు, ఇంజను పాడవచ్చు. అందుకని విమానం అద్దాన్ని ముందే పరీక్షిస్తారు. గాలి ఫిరంగిలో చచ్చిన కోడిని పెట్టి అద్దం మీదికి కొడతారు! ఇది నవ్వులాటకు రాయడం లేదు, నిజం. ఆ ఫిరంగికి తలుపు రెండు రకాలుగా పెడతారు. ఒకటి నేను పైన రాసిన లాంటి చురుకైన కవాటం. రెండోది ఒక పల్చని రేకు. గాలికీ గొట్టానికీ మధ్య రేకు బిగిస్తారు. అనుకున్న పీడనం రాగానే రేకు చిరిగిపోతుంది, దారి మొత్తం ఒక్కసారే తెరుచుకుంటుంది. పీడనం వచ్చేదాకా పట్టి ఉంచి, వచ్చాక తానే పోవడం ఆ రేకు పని. మన ముందు కాయ పని కూడా ఇదే గదా. అంత పెద్ద ప్రయోగశాలలో లక్షలు పెట్టి చేసిన ఫిరంగికీ, మా ఊళ్లో కత్తితో చేసిన వెదురు గొట్టానికీ తలుపు దగ్గర చుట్టరికం ఉంది.

ఇక బీరువా సంగతి. పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఆరో తరగతి తమ్ముడికి కంటి కింద తగిలి ఎర్రగా కమిలింది. ఒక అంగుళం పైన తగిలి ఉంటే ఏమయ్యేదో ఏఎన్ఎం అక్క అందరి ముందూ చెప్పింది. వార్డెన్ గారు ఆ రాత్రే తుపాకులన్నీ తీసుకున్నారు. తీసుకోవడం న్యాయమే. పైన లెక్క చూశారు గదా, కాయ వెనక కిలో బరువుంది. కన్ను అంత బరువుకు తట్టుకునేది కాదు. కొందరు పెద్ద తరగతుల అన్నలు వెదురు పోతే పోయింది, బోరు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్కతో ఇంకా పెద్దది చేద్దాం అంటున్నారని విన్నాను. అన్నా, ఆ పని మాత్రం చేయవద్దు. ఆ పైపులు నీళ్ల కోసం చేసినవి. నీరు నలగదు గనుక పైపు పగిలినా నీరు కారి ఊరుకుంటుంది. గాలి నలిగి తనలో బలం దాచుకుంటుంది, పైపు పగిలితే ముక్కలన్నీ కత్తుల్లా ఎగురుతాయి. గ్యాసు సిలిండర్లను కూడా నీళ్లు నింపి పరీక్షించేది అందుకే. వెదురు తుపాకిలో గాలి గుప్పెడు కూడా లేదు, పైగా మన చేతి బలం ఎంతో అంతే. అది దాని హద్దు.

కానీ వార్డెన్ గారూ, ఆ పదకొండింటినీ పొయ్యిలో పెడతారని వంటగదిలో అనుకుంటున్నారు. దయచేసి పెట్టవద్దు. అందులో ఒకటి ఏడో తరగతి పిల్లవాడి తాత చేసి ఇచ్చింది. దాని కట్టె పొట్టిదనం వెంట్రుక వాసి తేడా లేకుండా ఉంది, నేను చూశాను. సైన్సు ఫేరుకు మనం ప్రతి ఏడాదీ థర్మాకోల్ అగ్నిపర్వతం, అట్టముక్కల సౌర కుటుంబం తీసుకుపోతాం. బజారులో కొన్నవే సైన్సు, ఇంట్లో చేసినవి ఆట అని మనకెవరు చెప్పారో తెలియదు. ఈసారి తుపాకులు తీసుకుపోదాం. నేను, ఇంకో ఇద్దరం కలిసి ఒక ప్రయోగం అనుకున్నాం. కట్టె మీద సెంటీమీటరుకు ఒక గీత పెట్టాలి. మెల్లగా తోస్తూ, ఏ గీత దగ్గర ఠప్పుమందో రాసుకోవాలి. మొదటి పొడవును ఆ పొడవుతో భాగిస్తే తలుపు ఎన్ని రెట్ల పీడనం దగ్గర తెరుచుకుందో తెలుస్తుంది. తడి కాగితం ఉండకు ఎంత, పచ్చి కాయకు ఎంత, ఒక రోజు ఎండిన కాయకు ఎంత అని పట్టిక వేయాలి. గుండు పోయేవైపు గోనెసంచి వేలాడదీస్తాం, ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వం. భౌతికశాస్త్రం మాష్టారు దగ్గరుంటానన్నారు. రోజూ సాయంత్రం అరగంట చాలు, అయిపోగానే లెక్కపెట్టి తిరిగి ఇచ్చేస్తాం.

కొత్త కట్టె ఒకటి చెక్కి, గీతలు గీసి, నా ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను. గొట్టం మాత్రం బీరువాలో ఉంది.